కుడి చెంప

మనుషుల్ని గోడ మీదికి ఎత్తే యంత్రపు తొట్టి ఆగిపోయినప్పుడు నేను అమ్మమ్మ చెంప పక్కన ఉన్నాను. చెంప అంటే గోడ మీది బొమ్మలో చెంప, రెండు చేతులూ బార్లా చాపినా ఈ చివర నుంచి ఆ చివరకి అందనంత పెద్దది. మీట కిందికి నొక్కాను. కింద ఎక్కడో యంత్రం ఒకసారి మూలిగి ఊరుకుంది. మళ్ళీ నొక్కితే ఆ మూలుగు కూడా లేదు. మూడంతస్తుల కింద వీధి తడిగా మెరుస్తోంది, వాన కాదు, వాన అనిపించుకునేంత పట్టుదల లేని తుంపర, లిమరిక్‌లో దీన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. బేకరీ ముందు బ్రీడా చీపురు గోడకి ఆనించి, నడుం మీద చేతులు పెట్టుకుని, తలెత్తి నావైపు చూస్తోంది.

"ఏమ్మా నెస్సా, దిగుతావా, అక్కడే కాపురం పెడతావా?"

"తొట్టి ఆగిపోయింది, బ్రీడా."

"ఎక్కేముందు సిలువ గుర్తు వేసుకున్నావా?"

"లేదు."

"అదీ సంగతి. ఉండు, ఆ కాన్‌గాడికి ఫోన్ కొడతా."

తొట్టి కాన్‌ది, అద్దెకిస్తాడు. కింద నుంచి తొట్టిని నడిపే పిడి ఒకటి ఉంటుంది, కానీ పోయిన శనివారం హర్లింగ్ మ్యాచ్ గెలిచిన సంబరంలో ఎవరో ఎక్కి వీధంతా పాటలు పాడారని దాన్ని పెట్టెలో పెట్టి తాళం వేసుకుపోయాడు. బ్రీడా లోపలికి వెళ్ళి మళ్ళీ వచ్చింది. "ఎన్నిస్‌లో ఉన్నాడట. గంటలో వస్తానన్నాడు. వాడి గంట ఎంతుంటుందో దేవుడికే తెలియాలి. టీ ఇద్దామంటే నా దగ్గర తాడు లేదు తల్లీ." పరవాలేదన్నాను. పరవాలేదనడం నాకు బాగా వచ్చు.

గంట. మా ఊరు అబ్బీఫీల్ నుంచి బస్సు కూడా అప్పటికి వచ్చేస్తుంది. అందులో అమ్మమ్మ ఉంటుంది, ఆదివారం ప్రార్థనకి వేసుకునే నీలం కోటు వేసుకుని, పక్కన నోరీన్ పిన్నిని కిటికీ వైపు కూర్చోబెట్టి, ఒళ్ళో సంచి, సంచిలో సోడా రొట్టెలు. రెండు చేశానని నిన్న ఫోన్లో చెప్పింది. ఒకటి ఆ పిల్లకి, అంది. ఆ పిల్ల అంటే ఓర్లా, ఈ గోడ మీది బొమ్మ వేసింది తనే. రెండోది ఎవరికని నేను అడగలేదు, అడిగితే ఏ జవాబు వస్తుందో అని. ఓర్లా ఇప్పుడు రేడియోవాళ్ళ దగ్గర ఉంది. నన్ను పైకి పంపింది అంచున అంటించిన టేపు పీకడానికి. "నువ్వైతే గీత చెదరకుండా తీస్తావే, నాకంత ఓపికెక్కడిది" అని నా భుజం మీద చెయ్యేసింది, వేళ్ళ సందుల్లో బంగారు రంగు ఎండిపోయిన చెయ్యి, నా కోటు మీద ఆ బంగారం ఇంకా కొంచెం ఉంది. నాకు ఓపిక ఉందని అందరూ అంటారు. ఊళ్ళో రెండు గదుల బళ్ళో మిస్ కలినన్ కూడా అనేది, ఈ పిల్ల ఒక మూల కూర్చుంటే సాయంత్రం దాకా కూర్చుంటుంది, చూస్తూ. చూడడం వల్ల ఏం వస్తుందో మాత్రం ఆవిడ చెప్పలేదు. ఓర్లాకి ఓపిక లేదు, కానీ రేడియో ఉంది, పత్రికల్లో ఫొటోలున్నాయి, డబ్లిన్ నుంచి మనుషులు రైలెక్కి వచ్చి ఆమె గోడల ముందు నిలబడతారు. నేను బ్రీడా బేకరీకి బోర్డు రాశాను. అదిగో, కింద, ఎర్ర అక్షరాలకి లేత పసుపు నీడ. అందరూ మెచ్చుకున్నారు. దూరం నుంచి కూడా చక్కగా చదవొచ్చన్నారు.

ఇంత దగ్గర నుంచి చూస్తే ముఖం లేదు. గులాబీ రంగు మంచు ఉంది, దాని కింద ఆకుపచ్చ మట్టి రంగు మంచు, ఒకదాన్ని ఇంకొకటి తాకీ తాకనట్టు. రంగు చిమ్మే డబ్బాని దూరంగా పట్టుకుని మణికట్టు తిప్పుతూ కొడితేనే అలా వస్తుంది, చుక్క చుక్కగా, ఊపిరి తగిలినట్టు. వీధి అవతల నుంచి చూస్తే అదే చెంప, ముసలి చెంప, వెచ్చగా, కొవ్వొత్తి వెలుగు ఒక పక్క నుంచే పడినట్టు, వెనక అంతా చీకటి, మూడువందల ఏళ్ళ కిందటి పటంలో ఉన్నట్టు. ఆ చీకట్లోంచి తల చుట్టూ బంగారు అక్షరాలు, రైలు వంతెనల కింద ఉండేలాంటి వంకరటింకర అక్షరాలు, ఒకదాన్నొకటి తొక్కుకుంటూ, మెలికలు తిరుగుతూ, పునీతుల తల వెనక వెలుగు ఉండే చోట అల్లరిపిల్లల రాతలు. అవి ఏమిటో ఎవరూ చదవలేరు. నేను చదవగలను. అమ్మమ్మ పూర్తి పేరు అది. హనోరా బ్రిజిడ్ ట్వోమీ. ఈ ఊళ్ళో దాన్ని చదవగలిగేది ఇద్దరమే, మేమిద్దరమే, అయినా పై నుంచి కింది దాకా ఒక్క గీత కూడా నాది కాదు.

కాదా? ఆ పచ్చ నాది. చర్చ్ స్ట్రీట్‌లో మేం అద్దెకున్న ఇంట్లో, వంటింట్లో, కిటికీ అద్దం ఎప్పుడూ చెమ్మగిల్లి ఉండే ఆ వంటింట్లో, చర్మం అంటే గులాబీ అనుకునేది ఓర్లా, ముందు పచ్చ వెయ్యాలని చూపించింది నేను. శవంలా ఉంటుందే అంది. ఉంటుంది, ఆగు అన్నాను. ఆరాక దాని మీద పలచగా ఎరుపు, ఆరాక ఇంకా పలచగా తెలుపు, ఆరాక మళ్ళీ. మూడు రోజులు పట్టింది, ఆమె మూడు రోజులూ కాలు కదుపుతూ, సిగరెట్లు కాలుస్తూ, ఆరిందా ఆరిందా అని అడుగుతూ. నాలుగో రోజు పొద్దున బల్ల మీద నుంచి ఆ బొమ్మ బతికున్నదానిలా చూస్తుంటే ఓర్లా నోటి మీద చెయ్యి పెట్టుకుంది. ఆమె మాట్లాడకుండా ఉండగా నేను చూసింది ఆ ఒక్కసారే. తర్వాత ఆమె నాకు డబ్బా పట్టుకోవడం నేర్పింది, రైల్వే గోడ దగ్గర, గాలి ఎటు నుంచి వస్తోందో ముందు చెంపతో చూసుకోమని. నాది ఆమెకిచ్చాను, ఆమెది నాకిచ్చింది. ఇద్దరి దగ్గరా రెండూ ఉన్నాయి. నేనూ ఒక గోడ వేశాను, పాత పాలకేంద్రం వెనక, పచ్చ వేసి, ఆరనిచ్చి, ఎరుపు వేసి. తప్పు ఒక్కటి కూడా లేదు. నాకు తెలుసు, వెతికాను. ఎదురుగా బస్సు స్టాపులో కూర్చుని జనాన్ని చూశాను. ఒక ముసలాయన ఆగాడు. ఆగి, బూటు తాడు కట్టుకుని, వెళ్ళిపోయాడు.

గాలికి తొట్టి కొంచెం ఊగింది. నది వాసన, ఆటు మీదున్నట్టుంది, బురద వాసన. శాలువా తెచ్చుకోలేదు, కోటు కాలరే మెడకి చుట్టుకున్నాను.

ఓర్లా చేసింది ఏమిటి అంటే, పచ్చ ఆరేదాకా ఆగదు. తడి మీదే ఎరుపు కొడుతుంది. తప్పది. మేం చదివిన చోట ఎవరైనా తప్పే అంటారు. ఆ తప్పులో నుంచి చెంప కింద ఆ బూడిద రంగు వస్తుంది, ముసలివాళ్ళ చెంపల్లో మాత్రమే ఉండే రంగు, నేను ఎన్ని పొరలు వేసినా రాని రంగు. ఇక్కడ, నా ముక్కుకి జానెడు దూరంలో ఉంది. ఎలా చేసిందో కనిపిస్తూనే ఉంది. కనిపించడం వల్ల ఏమీ కాదు.

అమ్మమ్మని నేను ఎన్నిసార్లు గీశాను. పొయ్యి దగ్గర, బఠాణీలు ఒలుస్తుంటే, జపమాల తిప్పుతూ కునుకుతుంటే. కూర్చోమంటే కూర్చోదు. "నా మొహంలో ఏముందే చూడ్డానికి, పో, పొయ్యిలోకి పీట్ గడ్డలు పట్రా." దొంగచాటుగా గీసి చూపిస్తే కళ్ళజోడు పెట్టుకుని, కాగితం దూరంగా పట్టుకుని, నవ్వేది. "ఎవరే ఈ ముసలమ్మ? మా అత్తగారిలా ఉందే. దేవుడు ఆవిడ ఆత్మకి శాంతినివ్వాలి గానీ నా ఇంట్లోకి మాత్రం మళ్ళీ తేవొద్దు." ప్రతిసారీ అంతే. పన్నెండేళ్ళప్పుడు అంతే, కాలేజీలో బహుమతి వచ్చిన బొమ్మకీ అంతే. ఆ బొమ్మ ఎంత పోలి ఉందంటే నోరీన్ పిన్ని ఏడ్చింది. అమ్మమ్మ మాత్రం, "చాలా బాగా వేశావమ్మా. కానీ నేను కాదు." బాగా వేశావని ఎవరన్నా అంటే నాకు ఇప్పటికీ వెనకాల ఆ కానీ వినిపిస్తుంది.

ఈస్టరుకి ఓర్లాని ఊరికి తీసుకెళ్ళింది నేనే. మొదటి రోజు మిసెస్ ట్వోమీ అంది. రెండో రోజు అమ్మమ్మా అంది, నన్ను అడక్కుండా, రొట్టెకి వెన్న రాసుకుంటూ, అమ్మమ్మా ఉప్పెక్కడ అని. అమ్మమ్మ తలెత్తి కూడా చూడకుండా ఉప్పు జరిపింది, ఇరవై ఏళ్ళుగా ఆ పిల్లకి ఉప్పు జరుపుతున్నట్టు. ఆ మధ్యాహ్నం నన్ను కోళ్ళకి మేత వెయ్యమని పంపింది. తిరిగి వచ్చేసరికి తలుపు వేసి ఉంది, లోపల ఇద్దరి నవ్వులు. తట్టాను. "ఆగవే, కాసేపు" అంది అమ్మమ్మ, ఎవరో పక్కింటి పిల్లతో అన్నట్టు. బకెట్ పట్టుకుని వాకిట్లో నిలబడ్డాను. ఎంతసేపో తెలియదు, కోళ్ళు మళ్ళీ ఆకలేసి నా చుట్టూ చేరేదాకా. తలుపు తీసేసరికి ఓర్లా పుస్తకం మూసేసింది, అమ్మమ్మ జుట్టు సవరించుకుంటోంది, బుగ్గలు ఎర్రబడి, పెళ్ళి చూపులు అయినదానిలా. నాకు ఒక్క గంట కూర్చోని మనిషి. అప్పటి నుంచి ఈ గోడ దాకా, నాకు ఇవ్వకుండా ఓర్లాకి ఇచ్చినది ఏమిటో చూద్దామనే ఉన్నాను. ఈరోజు అమ్మమ్మ వీధిలో నిలబడి, కళ్ళజోడు పెట్టుకుని, తలెత్తి చూసి, ఏమంటుంది? ఇది మా అత్తగారు అంటే చాలు. ఒక్కసారి ఓర్లాతో కూడా అంటే చాలు. ఇంతకంటే నేనేమీ కోరుకోవడం లేదు. ఇంత చిన్నది కోరుకోవడానికి సిగ్గు కూడా పడ్డాను, కాసేపు.

అప్పుడు చూశాను. లేదా చూస్తూనే ఉండి ఉంటాను, దానికి పేరు పెట్టడం అప్పుడు జరిగింది. నా ఎదురుగా, గోడ మీది చెంప ఎముక కింద, మచ్చ. చిన్న కొడవలిలా వంపు తిరిగిన కాలిన మచ్చ. చిన్నప్పుడు పొయ్యి మీద కుండ వేలాడే ఇనుప కొక్కెం తగిలి కాలిందట అమ్మమ్మకి. ఊళ్ళో అందరికీ తెలుసు. కుడి చెంప మీద. ఆవిడకి ఎదురుగా కూర్చుంటే మనకి ఎడమ పక్క కనిపిస్తుంది, పుట్టిన దగ్గర్నుంచి నేను ఎదురుగానే కూర్చున్నాను. ఇక్కడ గోడకి కుడి పక్క ఉంది. అంటే బొమ్మలో మనిషికి ఎడమ చెంప. పాపిట చూశాను, అదీ అటుది ఇటు. చొక్కా గుండీలు మగవాళ్ళ చొక్కాలా. ముఖం మొత్తం తిరగబడింది.

నవ్వొచ్చింది. నిజంగా నవ్వాను, తొట్టి అంచు పట్టుకుని, ఒంటరిగా. గోడ మొదలుపెట్టే ముందు మేం దాన్ని పిచ్చిగీతలతో నింపుతాం, సున్నాలు, కొక్కేలు, బూతులు, కుక్కల పేర్లు, ఏది తోస్తే అది. ఆ గోడని ఫోన్లో ఫొటో తీసి, దాని మీద మన బొమ్మని పలచగా పరిచి చూస్తే, ముక్కు కొన ఏ సున్నా పక్కన పడుతుందో, కన్ను ఏ బూతు మీద తెరుచుకోవాలో తెలుస్తుంది. ఎంత పెద్ద గోడైనా దారి తప్పం. ఆ పరచడంలో ఒక్కోసారి బొమ్మ అటుది ఇటు అవుతుంది. గోడలవాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యలేని పొరపాటు, ఓర్లా ఓపిక లేనిది కాబట్టి ఓర్లా చెయ్యదగ్గ పొరపాటు. టేపు తీసిన అంచున ఆ పిచ్చిగీతలు ఇంకా కొన్ని మిగిలి ఉన్నాయి. బ్రీడా పేరుంది. ఓర్లా కుక్క పేరుంది. కాన్ ఫోన్ నంబరుంది. నా పేరు కోసం వెతికాను. లేదు. ముఖం కింద ఉండిపోయి ఉండొచ్చు, పచ్చ కింద, కప్పబడిపోయి. ఉండకపోవచ్చు కూడా.

ఎలా చెప్పాలో అనుకుంటూ నిలబడ్డాను. మెల్లగా చెప్పాలి. రేడియోవాళ్ళు ఉండగానా, వెళ్ళాకనా. ఓర్లా, చిన్న సంగతి, ఏమీ అనుకోవుగా. నోట్లో తిప్పి చూశాను ఆ మాటలు, మిఠాయి బిళ్ళలా.

"నెస్సా," బ్రీడా అరిచింది కింద నుంచి, "మన ఓర్లా వస్తోందే రేడియోలో. నీకు వినపడేలా తలుపు తీసి పెడతాలే. బోరు కొట్టదు."

వద్దనే లోపే తలుపు తీసేసింది. బేకరీలోంచి రొట్టె వాసన, దానితో పాటు ఓర్లా గొంతు, రేడియోలో మరీ దగ్గరగా, గొంతులో నవ్వు ఎక్కడ పడుతుందో నాకు ముందే తెలిసిన గొంతు. డబ్బాల గురించి చెప్పింది. రైలు వంతెనల గురించి చెప్పింది. అడిగేవాడు, మరి ఆ పాతకాలపు చర్మం, ఆ వెలుగు ఎక్కడ నేర్చుకున్నారు అన్నాడు.  నేను తొట్టి అంచు మీదికి వంగాను, మూడంతస్తుల పైన, తుంపరలో. "ఒక వంటింట్లో" అంది. "కిటికీ ఎప్పుడూ చెమ్మగిల్లి ఉండేది. అక్కడ ఆగడం నేర్చుకున్నా." అడిగేవాడు నవ్వాడు. ఓర్లా నవ్వింది. వాతావరణ సూచన వచ్చింది, పశ్చిమాన గాలులు అని.

ఒక వంటింట్లో. వంటింటికి నేర్పడం వచ్చినట్టు. ఆ కిటికీని గుర్తు పెట్టుకుంది, దాని చెమ్మని గుర్తు పెట్టుకుంది. ఆ వంటింట్లో ఒక మనిషి ఉంది ఓర్లా, నీకు టీ కూడా పెట్టింది.

తొట్టి అడుగున ఆమె డబ్బాలున్నాయి, చెంపకి వాడినవి మూడూ, పలచటి రంగు సీసా ఒకటి, కుంచెలు. గోడలవాళ్ళకి ఉన్న మర్యాద ఒక్కటే, ఇంకొకరి బొమ్మ మీద చెయ్యి వెయ్యాలంటే దానికంటే బాగా వెయ్యగలగాలి. నేను బొమ్మ వెయ్యడం లేదు కదా. తప్పు దిద్దుతున్నాను. ఈ పక్క ఉన్నదాన్ని తీసేస్తే, తొట్టి కదిలాక ఆ పక్క సరైన చోట పెట్టొచ్చు, ఓర్లాకి చెప్పే పెట్టొచ్చు. ఆ చెంప నాకు ఇక్కడి నుంచి అందదు, అది నా తప్పు కాదు. ఇలా ఒక్కొక్కటే అనుకుంటూనే ముందు పచ్చ ఊపాను, డబ్బాలోని గోళీలు గలగలమన్నాయి, కింద బ్రీడాకి వినపడిందేమో అని ఆగాను, లోపల రేడియో మోగుతోంది. మచ్చ మీద పచ్చ. దూరంగా పట్టుకుని, మణికట్టు తిప్పుతూ. ఆగలేదు. తడి మీదే ఎరుపు. నా జీవితంలో మొదటిసారి ఆగకుండా కొట్టాను, వచ్చింది, ఆ బూడిద రంగు వచ్చింది, నా చేతి కింద, ముసలి చెంప రంగు, ఇన్నేళ్ళుగా రానిది. మచ్చ లేదు. ఉండేదని కూడా ఎవరూ చెప్పలేరు. అంత బాగా చేశానని సంతోషపడ్డాను, నిజంగా, గుండె నిండా, ఏం చేశానో గుర్తు రావడానికి ముందు కొద్దిసేపు. వేళ్ళ మీద గులాబీ రంగు పడింది. కోటుకి తుడుచుకున్నాను, బంగారం పక్కన.

తర్వాత అన్నీ ఒకేసారి వచ్చాయి. కాన్ వ్యాను, హారన్ కొట్టుకుంటూ. "ఎవరది, నెస్సావా? పైన నువ్వున్నావని చెబితే ఇంకో టీ తాగొచ్చేవాణ్ణి. నువ్వు గొడవ చెయ్యవుగా." తాళం తీశాడు, పిడి తిప్పాడు, తొట్టి కుదుపుకుంటూ దిగింది, గడ్డం, మెడ, గుండీలు, నా ముందు నుంచి పైకి జారిపోయాయి. నేల మీద కాలు పెట్టేసరికి వీధి మలుపులో ఓర్లా, ఒక చేత్తో రొట్టెల సంచి, ఇంకో చేత్తో అమ్మమ్మ మోచెయ్యి, బస్సు దగ్గరికి వెళ్ళి తీసుకొచ్చిందన్నమాట. వెనక నోరీన్ పిన్ని, ఇంకా వెనక కెమెరా పట్టుకున్న ఒకాయన. అమ్మమ్మ నన్ను చూసి "తడిసిపోయావే" అంది, నా చెంప తాకింది, అప్పటికే ఆవిడ చూపు నన్ను దాటి పైకి వెళ్ళిపోయింది.

కళ్ళజోడు తీసింది. అంచుతో తుడిచి పెట్టుకుంది. వీధంతా ఆగింది. బ్రీడా చేతుల పిండి దులుపుకుంటూ వచ్చింది. అమ్మమ్మ చాలాసేపు చూసింది. నేను గోడని చూడలేదు, ఆవిడనే చూశాను. మొదట నోరు కొంచెం తెరుచుకుంది, నేను ఎన్నడూ చూడని ముఖం, ఏ బొమ్మలోనూ నేను పట్టుకోనిది. తర్వాత మెల్లగా మూసుకుంది. చెయ్యి తన చెంప మీదికి వెళ్ళింది.

"చాలా బాగా వేశావమ్మా" అంది ఓర్లాతో.

ఆ మాట నాకు తెలుసు. ఆ మాట కోసమే గంట ఎదురుచూశాను.

"కానీ తీసేశావన్నమాట. ఒక్కటే కదే నిన్ను అడిగాను. ముడతలు నీ ఇష్టం, ఒక పన్ను పోయినా నీ ఇష్టం, అది మాత్రం ముయ్యొద్దన్నాను. పెళ్ళి ఫొటోలోనే మూసేశాడు నా మచ్చని, ఆ ఫొటోగ్రాఫరు. ఊరికి నన్ను అందంగా చూపించాలని నీక్కూడా అనిపించిందా."

ఓర్లా తలెత్తి చూసింది. ఆమె చూపు నేరుగా చెంప ఎముక కిందికి వెళ్ళి ఆగడం చూశాను. తర్వాత నా చేతుల మీదికి దిగింది. నేను జేబులో పెట్టుకోలేదు. ఎందుకు పెట్టుకోలేదో తెలియదు. మేమిద్దరం ఒకరినొకరం చూసుకున్నాం, ఎంతసేపో, అబ్బీఫీల్ నుంచి లిమరిక్ దాకా వచ్చిపోయేంతసేపు. ఇప్పుడు చెప్తుందనుకున్నాను. చెప్పాలనే కోరుకున్నాను, ఒక్కసారైనా ఆమె నాకంటే చిన్నదైపోతుందని.

"ఇంకా అవ్వలేదు అమ్మమ్మా" అంది ఓర్లా. "మచ్చ ఆఖర్న పెడతాం. నెస్సా పెడుతుంది. అంత సన్నటి పని నాకెక్కడొస్తుంది." కాన్ వైపు తిరిగింది. "దీన్ని మళ్ళీ పైకి పంపించవయ్యా." నావైపు మళ్ళీ చూడలేదు. 

అంతకంటే ఆమె నన్ను కొట్టినా బాగుండేది. తొట్టిలోకి ఎక్కాను. ఈసారి కాన్ కింద నిలబడి తనే పిడి పట్టుకున్నాడు. ఎటు అన్నాడు. ఎడమకి అన్నాను, సరైన చెంప వైపు. తప్పు ఎవరిదో అందరి ముందూ తేలనీ అనుకున్నాను, ఇంకా, అప్పటికి కూడా. మచ్చ నిజంగా ఎక్కడుందో ఊరంతటికీ తెలుసు కదా. ఎరుపు డబ్బా ఊపి, చెయ్యి ఎత్తాను.

"అటు కాదే" అమ్మమ్మ కింద నుంచి కేకేసింది. "ఇటు. ఇటు."

వంగి చూశాను. గోడకి ఎదురుగా నిలబడి, కుడి అరచెయ్యి తన కుడి చెంప మీద పెట్టుకుని, ఎడమ చేత్తో నన్ను తోలుతోంది, కోళ్ళని తోలినట్టు. గోడ మీది ముఖానికి సరిగ్గా ఎదురుగా, అద్దం ముందు నిలబడ్డట్టు.

"అద్దంలో నాకు ఇక్కడే ఉంటుంది కదా. డెబ్భై ఏళ్ళుగా చూసుకుంటున్నా. ఆ పిల్లకి తెలుసు, అద్దం ముందే కూర్చోబెట్టింది నన్ను. నువ్వేమో ఎప్పుడూ తిరగేసి వేస్తావు."

ఎవరో నవ్వారు. నోరీన్ పిన్ని, "అవునే, నిజమే" అంది. కాన్ పిడి తిప్పాడు, తొట్టి మెల్లగా కుడికి జరిగింది, ముక్కు దాటి, కొన్నేళ్ళు పట్టింది ముక్కు దాటడానికి. నేను అమ్మమ్మని ఎప్పుడూ నేను చూసినట్టే గీశాను. అది నాకు ఒక్కసారి కూడా తట్టలేదు. ఓర్లా వెళ్ళి, ఉప్పు అడిగి, రొట్టె తిని, నీకు నువ్వు ఎలా కనిపిస్తావు అని అడిగి ఉంటుంది. అంతే అడిగి ఉంటుంది. ఆ మూసిన తలుపు వెనక అంతే జరిగి ఉంటుంది. దానికి ఓపిక కూడా అక్కర్లేదు.

ఇందాక చెరిపిన చోటుకి వచ్చాను. నా బూడిద రంగు ఆరి, ఇంకా బాగుంది. దాన్ని చంపుకుంటూ మచ్చ వెయ్యాలి. ముందు ఎరుపు, సన్నగా, కొడవలి వంపు. దాని లోపలి అంచున వెలుగు, కాలిన చర్మం మెరిసే ఆ మెరుపు, ఎదురుగా కూర్చుని పాతికేళ్ళు చూసినదాన్ని, అది ఓర్లాకి తెలియదు, ఆమె వేసినదాంట్లో ఆ మెరుపు లేదు. అది నాకు మాత్రమే తెలుసు. ఓర్లా వేసినదానికంటే బాగా రావాలి అనుకుంటూనే వేశాను. పశ్చాత్తాపంతో వెయ్యాల్సిందేమో. ఆ రంగు నా దగ్గర లేదు.

చెయ్యి తీశాను.  కింద నుంచి అమ్మమ్మ గొంతు, చిన్నగా, పైకి వినపడాలని కాదు.

"అదిగో. అది నేనే."

వంగి చూశాను. అమ్మమ్మ ఓర్లా చెయ్యి రెండు చేతులతో పట్టుకుని ఉంది. ఆ మాట ఓర్లాకి చెప్పింది. ఓర్లా మాత్రం అమ్మమ్మని చూడడం లేదు, తలెత్తి మచ్చ లోపలి అంచున ఆ మెరుపుని చూస్తోంది, కళ్ళు చిన్నవి చేసి, నేను ఆమె గోడలని చూసినట్టే. ఆ చూపు నాకు తెలిసినంతగా ఈ వీధిలో ఎవరికీ తెలియదు.

"దింపనా?" కాన్ అడిగాడు.

"ఆరనీ" అన్నాను.

ఆ రంగు ఎంత త్వరగా ఆరిపోతుందో కాన్‌కి బాగా తెలుసు. పిడి వదిలి, సిగరెట్ వెలిగించుకున్నాడు.